అనంతపురం నుంచి బెంగళూరుకు రెండు రోజులు: మంచి రెస్టారెంట్లు, బ్రూవరీలు, షాపులు ఎట్ల వెతకాల?

ప్రశ్న: టవర్‌క్లాక్_సెంటర్
శనివారం వందేభారత్‌లో యశ్వంతపురం దిగి, ఆదివారం రాత్రి బస్సుకు వెనక్కి. ముగ్గురు మగోళ్లం, సొంత బండి లేదు. రీల్స్‌లో చూసి సేవ్ చేసుకున్నవి నలభై దాకా ఉన్నాయి. సగం కోరమంగళ, సగం ఇందిరానగర్, కొన్ని వైట్‌ఫీల్డ్. వీటిలో ఏది నిజంగా బాగుంటుందో, ఏది ఊరికే కెమెరా హంగో ఇక్కడి నుంచే తెలుసుకోవడం ఎట్ల? ముగ్గురు మగోళ్లే పోతే బార్లలో లోపలికి వదలరంటున్నారు, నిజమేనా? బట్టల షాపులు, పుస్తకాల షాపులు కూడా చూడాల.

జవాబు: పెన్నా_గట్టు
ముందు ఆ నలభై పేర్లు పక్కన పెట్టండి. పూటకో ఏరియా, ఏరియాలో ఒకటే వీధి, అంతే. కోరమంగళ నుంచి వైట్‌ఫీల్డ్ పోవాలంటే శనివారం సాయంత్రం ఆటోలోనే పూట గడిచిపోతుంది. కోరమంగళలో మెట్రో లేదు కాబట్టి ఈసారికి వదిలేయండి.

యశ్వంతపురంలో దిగితే గ్రీన్ లైన్ మెట్రో పక్కనే. మల్లేశ్వరానికి మంత్రి స్క్వేర్ సంపిగె రోడ్ స్టేషన్‌లో దిగాల, అది మెజెస్టిక్‌కు ఒక స్టాపు ముందు. మెజెస్టిక్‌లో పర్పుల్ లైన్‌కు మారితే ఎం.జి.రోడ్, ఇందిరానగర్ రెండూ అదే లైన్ మీద ఉంటాయి. శనివారం సాయంత్రం చర్చ్ స్ట్రీట్ నడవండి, రాత్రికి ఇందిరానగర్ 100 అడుగుల రోడ్డు, ఓపికుంటే అక్కడే 12వ మెయిన్.

ఇంక రీల్ నమ్మాలా వద్దా అనేది. గూగుల్ మ్యాప్స్‌లో రివ్యూలు మామూలుగా 'మోస్ట్ రెలవెంట్' వరుసలో కనిపిస్తాయి, అంటే ఏడాది కిందటి పొగడ్త కూడా పైనే ఉంటుంది. దాన్ని 'న్యూయెస్ట్'కు మార్చి, కిందకి ఒక ఇరవై చదవండి. మూడు నెలల్లో రేటింగ్ జారిపోయిందంటే వంటాయన మారినట్టో, వచ్చే జనాన్ని తట్టుకోలేకపోతున్నట్టో. ఒకే వారంలో పది మంది ఐదు చుక్కలిచ్చి, అందరూ ఒకే సర్వర్ పేరు రాసుంటే అది బిల్లుతో పాటు అడిగి రాయించుకున్నది. వాటిని లెక్కలోకి తీసుకోవద్దు. మూడు చుక్కలిచ్చినోళ్లది ముందు చదవాల, వాళ్లే ఏది బాగుందో ఏది బాగలేదో రెండూ చెప్తారు.

ఫొటోల్లో హోటల్‌వాళ్లు పెట్టినవి కాదు, తిన్నోళ్లు పెట్టినవి చూడండి. ఇన్‌స్టాలో ఆ హోటల్ పేజీ తెరిచి, ట్యాగ్ చేసిన ఫొటోల భాగంలోకి పోతే అదే ప్లేటు ట్యూబ్‌లైట్ కింద ఎట్లుంటుందో కనిపిస్తుంది. రీల్ పైన 'పెయిడ్ పార్ట్‌నర్‌షిప్' అనుంటే సరే, తెలిసిపోతుంది. లేకపోయినా, ఒకే వారంలో నలుగురు ఒకే మూడు ఐటమ్స్ చూపిస్తే పిలిచి పెట్టిన భోజనమే. కొత్తగా తెరిచినవాటికి మొదటి నెల పోవద్దు, మెనూ రోజూ మారుతుంటది, సగం ఐటమ్స్ 'ఈరోజు లేవు సార్' అంటారు.

జవాబు: ఉగ్గాని_బజ్జి
బార్ల సంగతి. 'స్టాగ్ ఎంట్రీ' లేదు, అంటే ఆడోళ్లు తోడు లేకుండా మగోళ్లనే వదలం అనే మాట డీజే పెట్టే పబ్బుల్లో శుక్ర, శని రాత్రులు వినిపిస్తుంది. లోపలికి వదిలినా కవర్ చార్జీ పేరుతో ప్రవేశానికి డబ్బు కట్టమంటారు. అది తిండి, తాగుడు బిల్లులో తగ్గిస్తారా లేదా అని ఫోన్ చేసి అడగండి, తలుపు దగ్గర కాదు. బీరు అక్కడికక్కడే తయారుచేసి పోసే బ్రూవరీల్లో ఈ గోల తక్కువ, టేబుల్ దొరికితే చాలు. టాయిట్ అనే బ్రూవరీ ఇందిరానగర్ మెట్రోకు దగ్గరే. శనివారం ఏడు దాటాక పోతే బయట నిలబడాల్సిందే, ఐదున్నరకే పోండి. వయసు 21 నిండిందని చూపించే కార్డు ముగ్గురి దగ్గరా ఉండాల.

పెద్ద గ్లాసు చెప్పే ముందు రుచికి చిన్న గ్లాసులు అడగండి, చాలాచోట్ల ఇస్తారు. గోధుమ బీరు మబ్బుగా కనిపిస్తే పాడైందని తిప్పి పంపొద్దు, దాన్ని వడకట్టరు, అట్లే ఉంటుంది. 'ఏ నీళ్లు కావాల?' అని అడిగితే 'రెగ్యులర్ వాటర్' అని గట్టిగా చెప్పండి, నోరు మెదపకుంటే గాజు బాటిల్ వచ్చి బిల్లెక్కుతుంది.

రాత్రి పదకొండు దాటాక మెట్రోను నమ్ముకోవద్దు. ఆటోకు నమ్మ యాత్రి యాప్ ముందే వేసుకోండి.

జవాబు: లెక్కల_మాస్టారు
బిల్లు గురించి ఎవరూ చెప్పలేదు. ఉదాహరణకు తిండి 1,800 అయ్యిందనుకోండి. 10 శాతం సర్వీస్ చార్జీ వేస్తే 1,980, దాని మీద 5 శాతం జీఎస్టీ 99, మొత్తం 2,079. సర్వీస్ చార్జీ లేకుంటే 1,890. తేడా 189 రూపాయలు. సర్వీస్ చార్జీ కట్టడం మన ఇష్టమే, తప్పనిసరి కాదు. 2022 జూలైలోనే కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ మార్గదర్శకాలిచ్చింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. 'తీసేయండి' అని మర్యాదగా చెప్తే చాలాచోట్ల తీసేస్తారు. తీసేది లేదంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు. మద్యం జీఎస్టీ కిందకి రాదు, కాబట్టి బీరు మీద జీఎస్టీ వేసుంటే అడగండి.

డైనౌట్, డిస్ట్రిక్ట్ లాంటి యాప్‌ల్లో '25 శాతం తగ్గింపు' అని చూసి మురిసిపోవద్దు. ఆ యాప్ ద్వారానే కట్టాల, కొన్నిచోట్ల శని, ఆదివారాలకు వర్తించదు, కొన్నిచోట్ల మద్యానికి ఉండదు. టేబుల్ బుక్ చేసేటప్పుడే ఆ చిన్నక్షరాలు చదవండి.

జవాబు: టవర్‌క్లాక్_సెంటర్
అందరికీ థ్యాంక్స్. పొద్దున టిఫిన్‌కు, షాపులకు ఏం చేద్దాం?

జవాబు: పెన్నా_గట్టు
ఆదివారం పొద్దున మల్లేశ్వరంలో సి.టి.ఆర్. అనే హోటల్లో బెణ్ణె (వెన్న) మసాలా దోసె. ఎనిమిదిలోపే పోండి, మధ్యాహ్నం మూసేస్తారు. లేదంటే గాంధీ బజార్‌లో 1943 నాటి విద్యార్థి భవన్, పేరు రాయించి పిలిచేదాకా కాచుకోవాల. మన ఎర్రకారం దోసె అనుకుని పోతే నిరాశే, ఇది లావుగా, వెన్నతో ఉంటుంది. బెంగళూరు హోటళ్ల సాంబారులో బెల్లం తగులుతుంది, అది వాళ్ల పద్ధతి. దర్శిని అనే చిన్న టిఫిన్ హోటళ్లలో కూర్చుని ఎవరైనా వస్తారని చూడొద్దు: ముందు డబ్బు కట్టి, టోకెన్ కౌంటర్లో ఇచ్చి, నిలబడి తినాల. కాఫీ ఒకటి చెప్పి 'బై టూ' అంటే రెండు కప్పుల్లో పోసిస్తారు.

పుస్తకాలకు చర్చ్ స్ట్రీట్‌లోని బ్లాసమ్, బుక్‌వార్మ్, పాతవి కూడా దొరుకుతాయి. బట్టలకు కమర్షియల్ స్ట్రీట్. పట్టుచీరల బజారు చిక్‌పేట ఆదివారం ఎక్కువ భాగం మూసే ఉంటుంది. అయినా ధర్మవరం పక్కనుంచి పోయి అక్కడ పట్టుచీర కొనుక్కురావడం ఏంటి సామీ.