స్కేలింగ్ చేయించాక పళ్లు కదులుతున్నాయి, ఆరు నెలలకోసారి ఇది అవసరమా?

వేపపుల్ల:
పోయిన వారం అమ్మకి మిషన్‌తో పళ్లు క్లీనింగ్ చేయించాను. అప్పటిదాకా గట్టిగా ఉన్న కింది ముందు పళ్లు కదులుతున్నాయంటోంది, సందులు కనిపిస్తున్నాయి, మజ్జిగ తాగినా జివ్వుమంటోంది. డాక్టరేమో ఆరు నెలలకోసారి రమ్మంటున్నాడు. అలా గీకితే ఎనామిల్ పోదా? మా తాతకి వేపపుల్ల తప్ప ఏదీ తెలీదు, ఎనభై ఏళ్లకీ చెరకు పంటితోనే చీల్చేవాడు.

జ్ఞానదంతం:
నేను డెంటల్‌లో హౌస్ సర్జన్‌ని, ఈ మాట రోజూ వింటాను. ఆ సందులు మిషన్ చేసినవి కావండీ. ఏళ్ల తరబడి గార పేరుకుంటే చిగురు జారిపోతుంది, లోపల ఎముక తరిగిపోతుంది, ఆ ఖాళీలో గారే సిమెంటులా కూర్చుని వదులైన పళ్లని పట్టుకుని ఉంటుంది, అది తీసేసరికి అసలు సంగతి బయటపడింది. కింది ముందు పళ్లకే ఎందుకంటే లాలాజలం ఊరే గొట్టాలు సరిగ్గా వాటి వెనకే, నాలుక కింద తెరుచుకుంటాయి, అందులోని కాల్షియం, ఫాస్ఫేట్ కలిసి పాచిని రాయిలా చేస్తాయి. మిషన్ కొన గీకదు, సెకనుకి 25,000 సార్లు, ఆపైన అదురుతుంది, ఆ అదురుకి గార పెచ్చులుగా ఊడుతుంది. నీళ్లు చిమ్మేది కొన వేడెక్కకుండా. కాకపోతే దాన్ని పంటికి పక్కవాటుగా ఆనించాలి, మొన గుచ్చి నొక్కితే గీతలు పడతాయి, అది చేసే చేతిని బట్టి. జివ్వుమనడం చాలామందికి కొద్ది రోజుల్లో తగ్గిపోతుంది. అమ్మగారికి షుగర్ ఉందా?

వేపపుల్ల:
ఉంది, పదేళ్లుగా. అయినా ఈ ముక్క చేసేముందు చెప్పొచ్చుగా!

లెక్కల మాస్టారు:
చెప్పకపోవడం తప్పే. నా పేచీ మాత్రం ఆ ఆరు నెలల మీద. 2018లో కోక్రేన్ వాళ్లు, అంటే వైద్య పరిశోధనలని కలిపి బేరీజు వేసే సంస్థ, బ్రిటన్‌లో జరిగిన అధ్యయనాలు రెండు కలిపి చూశారు. చిగుళ్ల జబ్బు ముదరని, క్రమం తప్పకుండా డెంటిస్టుకి చూపించుకునే పెద్దవాళ్లలో ఆరు నెలలకో ఏడాదికో స్కేలింగ్ చేయించుకున్నా, అలా చేయించుకోకపోయినా, రెండు మూడేళ్ల తర్వాత చిగుళ్ల వాపులో చెప్పుకోదగ్గ తేడా లేదు, గార కాస్త తగ్గిందంతే. మరి అందరికీ ఒకే లెక్క ఎందుకు?

జ్ఞానదంతం:
"క్రమం తప్పకుండా" అన్నారే, అక్కడే ఉంది మాస్టారూ. మన దగ్గర పన్ను సలిపితే తప్ప ఎవరొస్తారు? చిగుళ్లు బాగున్న కుర్రాడికి ఆరు నెలలకోసారి అక్కర్లేదని నేనూ ఒప్పుకుంటా. ఈవిడకి షుగర్, పైగా పళ్లు కదులుతున్నాయి, ఆ లెక్కలోకి రారు. ముందు ఎక్స్‌రే తీయించి ఎముక ఎంత మిగిలిందో చూడాలి, మూడు నెలలకే రమ్మన్నా ఆశ్చర్యం లేదు.

నల్గొండ పిల్లోడు:
మధ్యలో నా గోల. పళ్ల మీద గోధుమరంగు మచ్చలు పోతాయని స్కేలింగ్ చేయించా, పైసలు పోయాయి, మచ్చలు అట్లనే ఉన్నాయి.

జ్ఞానదంతం:
చిన్నప్పుడు తాగిన ఫ్లోరైడ్ నీళ్ల మచ్చలైతే పన్ను తయారయ్యేటప్పుడే ఎనామిల్‌లో పడ్డాయి తమ్ముడూ. స్కేలింగ్ పైన పట్టినదాన్నే తీస్తుంది.

వేపపుల్ల:
సరే, సోమవారం ఎక్స్‌రేకి తీసుకెళ్తున్నా. ఆ మిషన్ కూత మళ్లీ వినిపిస్తే కుర్చీలోంచి లేచొచ్చేస్తానని అమ్మ ఇప్పుడే చెప్పేసింది.