పెళ్లి బట్టల రియాలిటీ షోలు చూసి మన పిల్లలు చెడిపోతున్నారా?

అమీర్‌పేట అమ్మ
టీఎల్‌సీ అనే టీవీ ఛానల్లో వచ్చే 'సే యెస్ టు ది డ్రెస్' తెలియనివాళ్ల కోసం ముందు రెండు ముక్కలు. న్యూయార్క్‌లో క్లైన్‌ఫెల్డ్ అని పెద్ద పెళ్లిగౌన్ల షాపు, 2007లో ఈ షో మొదలైంది ఆ షాపులోనే. పెళ్లికూతురు అమ్మనీ అక్కచెల్లెళ్లనీ ఫ్రెండ్స్‌నీ వెంటేసుకుని వస్తుంది, ఒక్కో గౌనూ వేసుకొచ్చి అద్దాల ముందు నిలబడుతుంది, సోఫాలో కూర్చున్నవాళ్లు తలో మాటా అంటారు, ఆ పిల్ల ఏడుస్తుంది, చివరికి ఏదో ఒకటి ఖాయం చేసుకుంటుంది. మా అమ్మాయి కాలేజీ రోజుల నుంచీ ఇదే చూసింది. ఇప్పుడు మాఘంలో పెళ్లి పెట్టుకున్నాం. జూబ్లీహిల్స్‌లో ఏదో బొటీక్‌లో అపాయింట్‌మెంట్ తీసుకుందట, ఫ్రెండ్స్ అంతా వస్తున్నారట, "నువ్వు కూడా రావచ్చమ్మా" అంది. రావచ్చట! నేను అడిగేది ఒకటే, ఈ షోలు చూసే కదా పిల్లలు పెళ్లంటే తామొక్కరే హీరోయిన్లు అనుకుంటున్నారు?

చాయ్ బిస్కట్
పెళ్లిలో పెళ్లికూతురు కాక ఇంకెవరండీ హీరోయిన్, కేటరింగ్ వాళ్లా

జనరల్ బజార్
అమ్మా, నాది చీరల వ్యాపారమే, సికింద్రాబాద్. ఆ షో మొత్తం ఒక షాపుకి ప్రకటన, అంతకు మించి ఏం లేదు. ఇంకో సంగతి ఎవరూ గమనించరు. అక్కడ ఆ పిల్ల వేసుకునేది కొనుక్కునే గౌను కాదు, శాంపిల్ పీసు. వదులైతే వెనక పెద్ద పెద్ద క్లిప్పులు పెట్టి బిగిస్తారు, ముందు నుంచి చూస్తే కొలిచి కుట్టినట్టే ఉంటుంది. నచ్చితే ఆర్డర్ పెట్టాలి, అది తయారై రావడానికి నెలలు, వచ్చాక ఆల్టరేషన్లకి మళ్లీ డబ్బులు. మా దగ్గర పరుపుల మీద కూర్చోబెట్టి, మజ్జిగో చాయో ఇచ్చి, ఎన్ని చీరలడిగితే అన్నీ విప్పి భుజం మీద వేసి చూపిస్తాం. చూసిన చీరే ఇంటికి వెళ్తుంది. క్లిప్పుల మాయ మా దగ్గర లేదు.

పట్టుకొంగు
క్లిప్పుల్లో మాయ ఏముంది అన్నా? అన్ని సైజుల్లోనూ శాంపిళ్లు పెట్టలేరు కాబట్టి క్లిప్పులు పెడతారు. చీరకి సైజు లేదు, ఒప్పుకుంటా. మరి జాకెట్ సంగతో? మగ్గం వర్క్‌కి ఇచ్చి వారాల తరబడి తిరిగి, తీరా పెళ్లి ముందు చేతికొస్తే చంకలో పట్టేసి, లోపల వదిలిన కుట్లు విప్పుకుంటూ కూర్చున్న పెళ్లికూతుళ్లు ఈ ఊళ్లో ఎంతమంది లేరు? పైగా కొన్నిచోట్ల జాకెట్ ఖర్చు చీర ధరని దాటిపోతోంది, అది మీ బిల్లులో కనపడదు.
ఆ షోలో ఏడుపులు నాకూ విసుగే. కానీ ఒకటి నచ్చుతుంది. కూర్చోగానే పెళ్లికూతుర్ని అడుగుతారు, బడ్జెట్ ఎంత, ఎలాంటిది కావాలి అని.

జనరల్ బజార్
బడ్జెట్ అడగడం అమెరికా వాళ్లు కనిపెట్టారా తల్లీ? "ఏ రేంజిలో చూపించమంటారమ్మా" అని అడగని చీరల షాపు హైదరాబాద్‌లో ఒక్కటి చూపించండి. అయినా క్లిప్పుల సంగతికి మీరు జవాబు చెప్పలేదు.

సనాతని
తెల్లగౌన్ల పిచ్చి మనకెందుకు? మన పెళ్లిళ్లలో తెలుపు అశుభం.

పట్టుకొంగు
మధుపర్కాలు ఏ రంగండీ? తెల్లబట్టకి ఎర్ర అంచు కాదా? అక్కడివాళ్లకి కూడా తెలుపు అనాదిగా లేదు, 1840లో విక్టోరియా రాణి తన పెళ్లికి తెల్లగౌను వేసుకున్నాకే ఆ మోజు పెరిగింది.

సనాతని
అంచు ఎర్రగా ఉంటుందిగా మరి.

చాయ్ బిస్కట్
😂😂

మొగల్‌పురా
మా హైదరాబాదీ ముస్లింల పెళ్లిళ్లలో ఈ గొడవే లేదు. సాంచక్ అని పెళ్లికి ముందు చేసే వేడుక, ఆ రోజు పెళ్లిబట్టలు అబ్బాయి ఇంటివాళ్లే తెస్తారు. ఖడా దుపట్టా అంటే పెళ్లికూతురు వేసుకునే పొడుగాటి ఓణీ, ఆరు గజాలు ఉంటుంది, కుట్టేది ఏమీ లేదు, చుట్టి పిన్నులు పెట్టడమే, అది తెలిసినవాళ్లు ఇంటికి ఒకరన్నా ఉంటారు. మా చెల్లికి మాత్రం వాళ్లు చార్మినార్ దగ్గర పత్తర్‌గట్టీ బజార్లో కొనేముందు ఫోటోలు పంపి రంగు అడిగారు. ఇప్పుడు చాలామంది అలాగే చేస్తున్నారు. షో అక్కర్లేదు, అడిగితే చాలు.

అమీర్‌పేట అమ్మ
బాబూ, నువ్వు చెప్పింది బాగుంది. మాకూ అంతే కదా, ప్రధానం చీర అత్తింటివాళ్లది, మధుపర్కాలు మావి. మధ్యలో ఈ బొటీక్ ఎక్కడిది?

పట్టుకొంగు
జనరల్ బజార్ అన్నా, రేంజి అడుగుతారు సరే, ఎవర్ని అడుగుతారు? నా సంగతి చెప్తా వినండి. నా ప్రధానం చీరకి రెండు కుటుంబాలూ కలిసి ఓ పెద్ద షోరూంకి వెళ్లాం. సేల్స్‌మన్ "పెళ్లికూతురు ఎవరమ్మా" అని నవ్వుతూ అడిగి, చీరలన్నీ మా అత్తగారి ముందు పరిచాడు. నేను చిలకాకుపచ్చ గద్వాల్ ఒకటి తీసి పట్టుకుంటే, నా చేతిలోంచి మెల్లగా తీసి మడతపెట్టేసి "అది ఫంక్షన్లకి బాగుంటుందమ్మా, పెళ్లికి కాదు" అన్నాడు. ఎవరికి చెప్తున్నాడు? ఆవిడకి. జానెడు అంచు మెరూన్ కంచిపట్టు వచ్చింది. నా ముఖానికి నప్పలేదని ఆల్బమ్ చూసిన ప్రతివాళ్లూ అన్నారు, మా అత్తగారితో సహా! ఆ షోలో అయితే అమ్మ సోఫాలో కూర్చుని ఎంత ముఖం చిట్లించినా, "ఇదేనా మీ గౌను" అని చివర్లో అడిగేది పెళ్లికూతుర్నే.

జనరల్ బజార్
మీ అత్తగారి మీద కోపం మా వ్యాపారం మీద చూపిస్తే ఎలా? బిల్లు కట్టేవాళ్ల ముందే చీర పరుస్తాం. ఇందులో తప్పేముంది? ఆ న్యూయార్క్ షాపులో మాత్రం, వాళ్ల నాన్న కార్డు గీకనంటే ఆ పిల్ల ఖాళీ చేతులతో పోవట్లేదా?

పట్టుకొంగు
అదీ మాట. ఇప్పటిదాకా క్లిప్పులు, ప్రకటన అన్నారు, ఇప్పుడు బయటపడింది. డబ్బు ఎవరిదో చీర వాళ్లది. కట్టుకుని పొద్దున్నుంచి రాత్రిదాకా పీటల మీద కూర్చునేది మాత్రం మేము.

జనరల్ బజార్
మాటలు జాగ్రత్తగా రాయండి. చీర అమ్మితే గానీ మా ఇంట్లో పొయ్యి వెలగదు, మీకు టీవీ చూస్తే కాలక్షేపం.

పట్టుకొంగు
అయితే కొనేవాళ్లు మాట్లాడకూడదా? బాగుంది.

మోడరేటర్
ఇద్దరూ కొంచెం తగ్గండి. వ్యక్తిగత వ్యాఖ్యలు వద్దు.

అమీర్‌పేట అమ్మ
మీరిద్దరూ పోట్లాడుకుంటుంటే నాకే ఇబ్బందిగా ఉంది. ఒక విషయం మొదట రాయలేదు. ఆ బొటీక్ బట్టలకి డబ్బు మా అమ్మాయిదే. గచ్చిబౌలిలో ఉద్యోగం, తన జీతంలోంచి దాచుకుంది. మేము దీనికోసమే చిట్టీ కట్టాం, ఆ డబ్బు ఉంచుకోమంటోంది. ప్రధానం చీర కూడా పలచటిదైతే చాలని అత్తింటివాళ్లకి తానే చెప్పేసిందట.

జనరల్ బజార్
అలా చెప్పండి! అమ్మాయి సొంత డబ్బుతో పెళ్లిచీర కొనుక్కోవడమేంటి? పెళ్లిచీర పెట్టేవాళ్లుండాలి.

పట్టుకొంగు
అయ్యో అన్నా, బిల్లు కట్టేవాళ్లకే పరుస్తామని ఇందాకే అన్నారు. మరి ఆ పిల్ల వస్తే ఆ పిల్ల ముందు పరుస్తారా, పక్కనున్న అమ్మ ముందు పరుస్తారా?

చాయ్ బిస్కట్
దీనికి జవాబు నాక్కూడా కావాలి

జనరల్ బజార్
ఎవరొచ్చినా పరుస్తాం. మర్యాదకి పెద్దావిడని మధ్యలో కూర్చోబెడతాం. అంతే.

పట్టుకొంగు
అమ్మగారూ, మీ అమ్మాయి షో చూసి చెడిపోలేదు. మీ చిట్టీ డబ్బు వద్దంది, మీకు అది గుచ్చుకుంది. రమ్మంది కదా, వెళ్లండి.

అమీర్‌పేట అమ్మ
మీకు పిల్లలున్నారో లేదో తెలియదు గానీ ఇరవయ్యేళ్లు దాచిపెట్టి ఇస్తే వద్దంటే ఎలా ఉంటుందో తర్వాత తెలుస్తుంది. వెళ్తాను. సోఫాలో కూర్చుని నోరు మూసుకోవడం మాత్రం నా వల్ల కాదు. అన్నట్టు అపాయింట్‌మెంట్‌కే డబ్బులు తీసుకుంటారా?

మొగల్‌పురా
కొన్నిచోట్ల తీసుకుంటారు ఆంటీ, కొంటే బిల్లులో తగ్గిస్తారు. ముందే ఫోన్ చేసి అడగండి. లెహంగా అయితే ఆల్టరేషన్ కలిపి చెప్తున్నారో లేదో కూడా.

జనరల్ బజార్
క్లిప్పులు పెడతారేమో అది కూడా అడగండి.