బొత్తాము: రాలిపోయిన ఫ్రెంచి మొగ్గ

చొక్కా గుండీకి మరో పేరైన బొత్తాము అచ్చ తెలుగు మాట అనీ, ఇంగ్లీషు బటన్ వచ్చి దాన్ని తరిమేసిందనీ కొందరు బాధపడుతుంటారు. బటన్ తరిమిన మాట నిజమే కావచ్చు గానీ, బొత్తాము కూడా వలస వచ్చినదే. పైగా ఆ రెండూ ఒకే తల్లి బిడ్డలు.

పోర్చుగీసులో గుండీని ‘బొతాఁవ్’ అంటారు; మన బొత్తాము దాని నుంచే వచ్చింది. అది వారి సొంత మాట కాదు, పాత ఫ్రెంచిలోని ‘బొతొన్’ నుంచి తెచ్చుకున్నది. దానికి మూలమైన క్రియ జర్మానిక్ భాషల నుంచి ఫ్రెంచిలోకి చేరింది. నెట్టడం, పొడవడం దాని అర్థాలు. కొమ్మను తోసుకుని బయటికి వచ్చే మొగ్గకూ, బట్ట మీద ఉబ్బెత్తుగా నిలిచే గుండీకీ అందుకే ఒకే పేరు కుదిరింది. నేటి ఫ్రెంచిలో ఆ మాటకు మొగ్గ, గుండీ, మొటిమ అనే మూడు అర్థాలూ ఉన్నాయి. పోర్చుగీసువారు గులాబి మొగ్గనూ చొక్కా గుండీనీ నేటికీ ఒకే మాటతో పిలుస్తారు. మన దగ్గరికి వచ్చేసరికి మొగ్గ రాలిపోయి గుండీ ఒక్కటే మిగిలింది. అరువు మాట వస్తువును వెంటబెట్టుకుని వచ్చింది గనుక, మొగ్గకు మనకు వేరే మాట అవసరం పడలేదు.

చివరి ‘ఆము’ సంగతి మరీ ముఖ్యం. పోర్చుగీసులో ముక్కుతో పలికే ‘ఆఁవ్’ మన చెవికి మకారంగా వినిపించింది. ‘లెయిలాఁవ్’ అనే మాట మొదటి అక్షరం మార్చుకుని మనకు వేలం అయిన తీరు చూస్తే ఇది తెలుస్తుంది. ఇంగ్లీషువారు అదే ఫ్రెంచి మాటను పద్నాలుగో శతాబ్దంలో తీసుకుని నకారాన్ని నిలుపుకున్నారు. బటన్ అలా పుట్టింది. వారు 1611లో మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టేనాటికి, పోర్చుగీసువారు గోవాను పట్టుకుని నూరేళ్లు దాటింది.

దర్జీలు గుండీ దూరే రంధ్రాన్ని కాజా అంటారు కదా, అదీ పోర్చుగీసుదే. వారి భాషలో ‘కాజ’ అంటే ఇల్లు; గుండీ దూరే చోటు గుండీకి ఇల్లన్నమాట. రాతలో సకారమే ఉన్నా పలుకుబడిలో జకారానికి దగ్గరగా ఉంటుంది గనుక, ఈ మాట పుస్తకాల ద్వారా కాక నోటి ద్వారానే వచ్చిందని నా అభిప్రాయం. తాపేశ్వరం కాజాకు మాత్రం దీనితో చుట్టరికం లేదు.