దేవుడి ఊసే లేని చోట సాక్ష్యం ఎలా? (లైప్‌జిగ్ నుంచి ఒక ప్రశ్న)

గుంటూరు_లైప్‌జిగ్:

అందరికీ వందనాలు. మాది గుంటూరు, తరతరాలుగా లూథరన్ కుటుంబం. ఉద్యోగరీత్యా భార్యాబిడ్డలతో జర్మనీలోని లైప్‌జిగ్‌లో ఉంటున్నాను. మా సంఘానికి మూలపురుషుడైన మార్టిన్ లూథర్ పుట్టిన ఐస్లెబెన్, ఆయన బోధించిన విట్టెన్‌బర్గ్ ఇక్కడికి దగ్గరే; అయినా మా ఆఫీసులో చర్చికి వెళ్ళే మనిషి ఒక్కరూ నాకు తారసపడలేదు. వీరికి క్రైస్తవ్యం మీద ద్వేషమేమీ లేదు. మన ఊళ్ళలో సువార్త చెబితే వాదించేవారూ కోప్పడేవారూ ఉంటారు గానీ, దేవుడి మాట ఎందుకు ఎత్తావని ఆశ్చర్యపోయేవారు అరుదు. ఇక్కడ ఆ ఆశ్చర్యమే ఎదురవుతుంది. క్యాంటీన్‌లో భోజనానికి ముందు కళ్ళు మూసుకుని ప్రార్థించుకుంటుంటే, ఎదురుగా కూర్చున్న సహోద్యోగిని ఎంతో ఆప్యాయంగా "తలనొప్పిగా ఉందా, మాత్ర కావాలా?" అని అడిగింది. ప్రార్థన చేసుకుంటున్నానని చెబితే "ఓహో" అని మళ్ళీ తన ప్లేటు వైపు తిరిగింది.

ఇలాంటివారితో విశ్వాసాన్ని పంచుకోవడం ఎక్కడ మొదలుపెట్టాలి? మరొక సందేహం కూడా ఉంది. అదే సహోద్యోగిని తన 14 ఏళ్ళ కూతురి యూగెంట్‌వైయె వేడుకకు (పిల్లలు పెద్దవారవుతున్నందుకు చేసే, మతంతో సంబంధం లేని వేడుక) మమ్మల్ని పిలిచింది. అది మన కన్ఫర్మేషన్‌కు, అంటే బాప్తిస్మం పొందిన పిల్లలు తమ విశ్వాసాన్ని సంఘం ముందు ఒప్పుకునే ఆరాధనకు, పోటీగా నడిపిన వేడుక అని విన్నాను. వెళ్ళడం సబబేనా?

డ్రెస్డెన్_తెలుగు:

తప్పకుండా వెళ్ళండి. మీరు విన్నదాంట్లో నిజం ఉంది. అంతకుముందే ఉన్న ఆ వేడుకను, అప్పట్లో మీ ఊరిని ఏలిన తూర్పు జర్మనీ కమ్యూనిస్టు ప్రభుత్వం 1954లో తన చేతిలోకి తీసుకుని, పిల్లలచేత సోషలిస్టు రాజ్యానికి విధేయతా ప్రమాణం చేయించింది; దానికి దూరంగా ఉండి కన్ఫర్మేషన్ తీసుకున్న పిల్లల్లో ఎందరికో పై చదువుల తలుపులు మూసుకుపోయాయి. మీ ఊళ్ళోనే, 1968 మే 30న, విశ్వవిద్యాలయ చర్చిని పేలుడు పదార్థాలతో కూల్చివేశారు. అలా తాతలు చర్చిని వదిలారు, తల్లిదండ్రులు ఇంట్లో దాని సంగతి ఎత్తలేదు, మనవలకు తాము దేన్ని వదులుకున్నారో కూడా తెలియదు. నేటి వేడుకలో ఆ ప్రమాణం లేదు. కొత్త బట్టలు, ఉపన్యాసం, పాటలు, ఫోటోలు, బంధువులతో విందు; అంతే. ఒక కవరులో కొంత డబ్బు, ఒక మంచి కార్డు పట్టుకెళ్ళండి.

ఇక మొదటి ప్రశ్నకు వస్తే, కరపత్రాలతో పని జరగదు. ఎవరూ అడగని ప్రశ్నకు అది జవాబు. నా అనుభవంలో వీరు మనల్ని అడిగే మొట్టమొదటి ప్రశ్న డబ్బు గురించే. మీరు నివాసం నమోదు చేసుకున్నప్పుడు మతం గడిలో ప్రొటెస్టెంట్ అని రాసి ఉంటే, మీ ఆదాయపు పన్ను మీద 9 శాతం చర్చి పన్నుగా కోత పడుతూ ఉంటుంది. ఈ సంగతి ఎప్పుడో ఒకప్పుడు మాటల్లో వస్తుంది. "సంఘం నుంచి తప్పుకున్నట్టు రాసిస్తే ఆ డబ్బు మిగులుతుంది కదా, ఎందుకు కడుతున్నావు?" అని నిజమైన కుతూహలంతో అడుగుతారు. మనలోని నిరీక్షణకు కారణం అడిగే ప్రతివారికీ సాత్వికంతో జవాబు చెప్పడానికి సిద్ధంగా ఉండమని పేతురు రాసిన మాట (1 పేతురు 3:15) ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. అలవాటు కొద్దీ కడుతున్నానంటే సంభాషణ అక్కడితో ఆగిపోతుంది. ఆ సంఘం మీకు ఏమిటో రెండు వాక్యాల్లో చెప్పగలిగితే, తరువాతి ప్రశ్న వారే అడుగుతారు.

విశ్రాంత_బోధకుడు_రాజమండ్రి:

బాబూ, ఇలాంటి సందర్భంలో అందరూ అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయాన్ని, ఏథెన్సులో పౌలును గుర్తుచేస్తారు. నాకు ఆ పోలిక సగమే సరిపోతుందనిపిస్తుంది. ఏథెన్సువారు దేవతల విషయంలో అతి భక్తి గలవారు; తెలియబడని దేవునికి సైతం బలిపీఠం కట్టుకున్నారు గనుక పౌలు అక్కడినుంచి మొదలుపెట్టగలిగాడు. మీ ఊరిలో ఆ బలిపీఠం లేదు. అయితే పౌలు ముందు ఊరంతా తిరిగి చూశాడనీ, వారి కవుల మాటనే ఉదహరించాడనీ మరువకండి. ఆ పద్ధతి మీకూ పనికివస్తుంది.

ఇంకొక మాట. మీకు పొరుగునే ఉన్న హాలె నుంచి వచ్చిన మిషనరీ బెంజమిన్ షుల్ట్జ్ మద్రాసులో బైబిలును తెలుగులోకి అనువదించి 1732లో ముగించాడు. అది అచ్చుకు నోచుకోలేదు. హాలెకు తిరిగి వెళ్ళాక 1740లలో అక్కడే చిన్న తెలుగు పుస్తకాలు అచ్చువేయించాడు. 1842లో గుంటూరుకు వచ్చిన లూథరన్ మిషనరీ హయ్యర్ అమెరికా నుంచి వచ్చినా, పుట్టింది జర్మనీలోని హెల్మ్‌స్టెట్‌లోనే. ఆయన తొలినాళ్ళలోనే బడులు పెట్టాడు. అలాగని వారు తెచ్చిన వెలుగును తిరిగి ఇస్తున్నామన్న గొప్పతో మీరు మసలవద్దు. తెలుగు కూటమితో సరిపెట్టుకోక, మీ పేటలోని జర్మన్ సంఘానికి వెళ్ళి, ఆరాధన అయ్యాక కాఫీ కప్పులు కడిగే ముసలమ్మల పక్కన నిలబడండి. ఆంక్షల కాలంలోనూ విశ్వాసం విడవనివారు వారిలో ఉంటారు. మీ సహోద్యోగినికి మీకంటే వారే మంచి సాక్షులు.

నమ్మకం_లేనివాడు_బెర్లిన్:

నేను విశ్వాసిని కాను. అయినా అవతలి పక్షం నుంచి ఒక మాట చెప్పవచ్చుననుకుంటాను. నా క్రైస్తవ మిత్రులు దేవుడి గురించి మాట్లాడితే నాకు ఇబ్బంది లేదు. స్నేహం ఎరగా మారినప్పుడు మాత్రం వెంటనే తెలిసిపోతుంది. విందుకని పిలిచి, భోజనాల తరువాత ప్రసంగం మొదలుపెట్టిన ఇంటికి నేను మళ్ళీ వెళ్ళలేదు. ఎక్కడికి పిలుస్తున్నారో, అక్కడ ఏం జరుగుతుందో ముందే చెప్పండి. వారు రామంటే, ఆ తరువాత కూడా అంతే స్నేహంగా ఉండండి.

డ్రెస్డెన్_తెలుగు:

పై మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. మీ ఊరి తోమాస్ చర్చిలో ప్రసిద్ధ స్వరకర్త బాఖ్ 1723 నుంచి చనిపోయేవరకు సంగీత బాధ్యుడిగా ఉన్నాడు. అక్కడ శుక్రవారం సాయంత్రం 6కు, శనివారం మధ్యాహ్నం 3కు జరిగే మోటెట్ అనే బృందగాన ఆరాధనలో ఆయన కృతులతో పాటు వాక్యపఠనం, చిన్న ప్రసంగం, ప్రార్థన కూడా ఉంటాయి. నమ్మనివారు కూడా పాటల కోసం వస్తారు. నికోలాయ్ చర్చిలో సోమవారం సాయంత్రం 5కు శాంతి ప్రార్థన నేటికీ జరుగుతోంది. 1989 అక్టోబరు 9న తూర్పు జర్మనీ ప్రభుత్వానికి వ్యతిరేకంగా దాదాపు 70,000 మంది వీధుల్లోకి వచ్చిన ప్రదర్శన ఆ ప్రార్థనల వెంటే నడిచింది. ఆ రోజుల సంగతులు మీ సహోద్యోగిని తల్లిదండ్రులను అడగండి, వారు చెప్పేది వినండి.

గుంటూరు_లైప్‌జిగ్:

అయ్యగారికి, మిగతా అందరికీ కృతజ్ఞతలు. వేడుకకు వెళ్తున్నాం. అది ముగిశాక ఒక శనివారం మోటెట్‌కు రమ్మని ఆమెను అడుగుతాను, ప్రార్థన, ప్రసంగం ఉంటాయని ముందే చెప్పి. చర్చి పన్నుకు జవాబు మాత్రం ఇంకా రెండు వాక్యాల్లో ఇమడడం లేదు. నా భార్య రాసినది నాదానికంటే బాగుంది.