మునగాల పరగణా ఎవరిది? 1956 నాటి హద్దు ఇక్కడ చెల్లుతుందా?

పాతపటం:
తెలంగాణ అంటే 1956కు ముందు హైదరాబాదు రాష్ట్రంలో ఉన్న నేల అనే నిర్వచనాన్ని చాలామంది ఇప్పటికీ వల్లిస్తుంటారు. అదే కొలబద్ద అయితే మునగాల సంగతేమిటి? నలుదిక్కులా నిజాం ఇలాకా ఉన్నా ఈ పరగణా మాత్రం బ్రిటిషువారి కృష్ణా జిల్లాలో ఉండేది. 1953లో ఆంధ్ర రాష్ట్రంలోకి వెళ్లి, 1959లో గానీ నల్లగొండ జిల్లాలో కలవలేదు. అలాగే తూర్పు గోదావరి నుంచి తెలంగాణలో కలిసిన భద్రాచలం గురించి ఇన్ని వాదాలు జరిగినప్పుడు దీని ఊసు పెద్దగా ఎందుకు రాలేదు?

కోదాడ బాటసారి:
రాకపోవడానికి కారణం దారిలోనే ఉందండీ. జగ్గయ్యపేట నుంచి మునగాల వెళ్లాలంటే కోదాడ దాటాలి. కోదాడ నిజాం నేల. పరగణాను వెనక్కి ఇస్తే అది మళ్లీ నడిమధ్య దీవి అవుతుంది. ఆ దీవి బతుకు ఎలా ఉండేదో మా నాయనమ్మ చెప్పేది: మిరపకాయల బస్తా పొరుగూరి సంతకు తీసుకుపోతే కరోడ్‌గిరి నాకాలో సుంకం కట్టాలి, అమ్మితే నిజాం నాణెం హాలీ సిక్కా చేతికొస్తుంది, ఇంటి దగ్గర చెల్లేది బ్రిటిషు రూపాయి కల్దారు, మార్చి ఇచ్చినందుకు షావుకారు వట్టం అని కొంత కోత పట్టుకుంటాడు. పైగా ఉద్యోగాల్లో స్థానికులకు వాటా కోసం జిల్లాలను జోన్లుగా విడదీసిన 1975 రాష్ట్రపతి ఉత్తర్వుల తర్వాత అక్కడి పిల్లలు నల్లగొండవారితో పాటు ఆరో జోన్ స్థానికులుగానే ఉద్యోగాలకు పోటీపడ్డారు. ఇప్పుడు వారిని స్థానికేతరులని ఎవరనగలరు?

పుస్తకాల పురుగు:
కష్టం ఒక్కటే చెబితే ఎలా? 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమనే తెలుగు గ్రంథాలయం వెలిసిందంటే అందులో మునగాల రాజా నాయని వెంకటరంగారావు అండ ఉంది. 1906లో తెలుగు పుస్తకాల ప్రచురణకు పుట్టిన విజ్ఞాన చంద్రికా మండలిని నడిపించిన కొమర్రాజు లక్ష్మణరావు ఆ సంస్థానానికి దివాను. అటు కృష్ణా జిల్లాతోనూ ఇటు హైదరాబాదుతోనూ సంబంధమున్న చోటు కాబట్టే, ఉర్దూ రాజభాషగా ఉన్న రాజ్యంలో తెలుగుకు ఆ ఊతం దొరికిందని నా అభిప్రాయం.

నడిగూడెం రైతుబిడ్డ:
రాజావారి భాషాసేవను కాదనను. అయితే 1930ల్లో వెట్టికీ అక్రమ వసూళ్లకూ ఎదురు తిరిగింది కూడా ఆ పరగణా రైతులే. బ్రిటిషు చట్టం ఉందని వెట్టి ఆగలేదు, నిజాం హద్దు పక్కనే ఉందని పెరగనూ లేదు. జమీందారీల రద్దు చట్టం మద్రాసులో 1948లో వచ్చింది, జాగీర్ల రద్దు హైదరాబాదులో 1949లో జరిగింది. ఒక్క ఏడాది తేడా. గట్టుకు అటూ ఇటూ దున్నినవాళ్ల బాధ ఒకటే అయినప్పుడు, ఆ గట్టును చూపించి ఇప్పుడు మమ్మల్ని ఆంధ్రావాళ్లనడం నాకు మింగుడుపడదు.

పాతపటం:
మునగాలను ఎక్కడికో పంపాలన్నది నా వాదన కాదు. 1956 అనే గీతను అందరికీ ఒకేలా వర్తింపజేయలేమని ఒప్పుకోమంటున్నాను. మీ ఇళ్లలో 1959కి ముందటి దస్తావేజులు ఉంటే ఒక్కసారి తీసి చూడండి, వాటి మీద ఉండే జిల్లా పేరు కృష్ణా.

కోదాడ బాటసారి:
ఉంటుంది, కాదనను. కానీ ఆ పొలం పాసుపుస్తకం మీద ఇప్పుడున్నది సూర్యాపేట జిల్లా.