సుప్రీంకోర్టు సిబ్బంది, ఖర్చులు: 146వ అధికరణం మీద ఒక సందేహం

ప్రశ్న (పాలిటీ అభ్యర్థి):
సుప్రీంకోర్టు సిబ్బందిని ప్రధాన న్యాయమూర్తే నియమిస్తారు, ఖర్చు భారత సంఘటిత నిధి (కేంద్ర ప్రభుత్వ ప్రధాన ఖజానా) నుంచి వస్తుంది, దానిమీద పార్లమెంటులో ఓటింగ్ ఉండదు అని రాజ్యాంగంలోని 146వ అధికరణం గురించి చదివాను. అలాంటప్పుడు కోర్టు ఉద్యోగుల జీతం పెంచాలంటే ఫైలు కేంద్రం దాకా ఎందుకు వెళ్లాలి? హైకోర్టులకూ ఇదే పద్ధతా?

జవాబు (రాజ్యాంగ పాఠకుడు):
మూడు క్లాజులనూ కలిపి చదవడం వల్ల వచ్చే చిక్కు ఇది. మొదటిది నియామకం. ప్రధాన న్యాయమూర్తి గానీ, ఆయన సూచించిన న్యాయమూర్తి లేదా అధికారి గానీ నియమిస్తారు. బయటివారిని తీసుకునేటప్పుడు యూపీఎస్సీని సంప్రదించాలని రాష్ట్రపతి రూల్ పెట్టవచ్చు. కోర్టులో అప్పటికే పనిచేస్తున్నవారికి అది వర్తించదు.

రెండోది సర్వీసు షరతులు. పార్లమెంటు చట్టానికి లోబడి రూల్స్ చేసేది కోర్టే. అయితే జీతం, అలవెన్సులు, సెలవు, పెన్షన్ అనే నాలుగింటికి సంబంధించిన రూల్స్‌కు రాష్ట్రపతి ఆమోదం కావాలి. రాష్ట్రపతి అంటే మంత్రిమండలి సలహాయే కదండీ, ఫైలు కేంద్రానికి వెళ్లేది అందుకే. ఈ నాలుగింటిలో చాలామంది మరిచిపోయేది సెలవును. క్రమశిక్షణ రూల్స్‌కు ఈ ఆమోదం అక్కర్లేదు.

జవాబు (సర్వీసు కేసుల లాయరు):
ఆమోదం నామమాత్రమేమీ కాదు. హైకోర్టుల విషయంలో ఇది తేలింది మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఉద్యోగుల జీతాల కేసులోనే, 1970లలో. హైకోర్టు సిబ్బందికి సంబంధించిన 229వ అధికరణం స్ఫూర్తిని బట్టి గవర్నరు మామూలుగా ఆమోదించాలి, కానీ ఆమోదించి తీరాలని రిట్ (కోర్టు ఆదేశం) ఇవ్వడం కుదరదని సుప్రీంకోర్టు చెప్పింది. 1989లో తన సొంత ఉద్యోగుల సంక్షేమ సంఘం వేసిన కేసులోనూ అదే దారిలో నడిచింది. ప్రధాన న్యాయమూర్తి స్థాయి వ్యక్తి చేసిన రూల్స్‌ను మామూలుగా ఒప్పుకోవాలి, అభ్యంతరం ఉంటే ఇరువైపులా మాట్లాడుకోవాలి అంది. నా దృష్టిలో ఇది సరైన తీర్పే. ఖజానా భారం మోసేవారికి మాట లేకుండా చేయలేం.

జవాబు (బడ్జెట్ పరిశీలకుడు):
ఖర్చు గురించిన మూడో క్లాజు దగ్గర పెద్ద పొరపాటు జరుగుతుంటుంది. ‘ఓటు లేదు’ అంటే ‘అడిగేవారు లేరు’ అని కాదు. 113(1) ప్రకారం ఛార్జ్‌డ్ వ్యయాన్ని (రాజ్యాంగమే నేరుగా సంఘటిత నిధి మీద మోపిన ఖర్చును) ఓటుకు పెట్టరు, చర్చించడానికి మాత్రం అడ్డు లేదు. డబ్బు బయటకు రావాలంటే 114 కింద అప్రోప్రియేషన్ చట్టంలో (నిధి నుంచి డబ్బు తీయడానికి పార్లమెంటు చేసే చట్టంలో) ఆ మొత్తం ఉండాల్సిందే. సంవత్సరం మధ్యలో చాలకపోతే 115 కింద అనుబంధ అంచనా తేవాలి.

ఇంకొకటి, కోర్టు ఫీజులు కూడా అదే నిధికి జమవుతాయి. వసూలైన ఫీజును కోర్టు తన ఖర్చులకు నేరుగా వాడుకోలేదు. సిబ్బంది జీతాలు, పరిపాలన ఖర్చులు 146(3) కింద, న్యాయమూర్తుల జీతాలు 112(3)(డి) కింద వస్తాయి. రెంటినీ ఒకే అధికరణానికి కట్టేసి రాస్తే మార్కులు పోతాయి.

జవాబు (రాజ్యాంగ పాఠకుడు):
హైకోర్టుల సంగతి: అచ్చు ఇదే నమూనా 229లో ఉంది. రాష్ట్రపతి స్థానంలో గవర్నరు, యూపీఎస్సీ స్థానంలో రాష్ట్ర పబ్లిక్ సర్వీస్ కమిషన్, నిధి రాష్ట్రానిది. 2019 జనవరి 1 నుంచి తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ హైకోర్టులు వేరయ్యాక ఏ కోర్టు ఖర్చు ఆ రాష్ట్ర నిధి మీదే. హైకోర్టు న్యాయమూర్తుల జీతం రాష్ట్ర సంఘటిత నిధి నుంచి, పెన్షన్ మాత్రం భారత సంఘటిత నిధి నుంచి వస్తుంది. పరీక్షల్లో ఎక్కువగా తప్పేది ఇక్కడే.

ప్రశ్న (పాలిటీ అభ్యర్థి):
న్యాయమూర్తుల అలవెన్సులు, పెన్షన్ నియామకం తర్వాత తగ్గించకూడదన్న రక్షణ సిబ్బందికీ ఉందా అండీ?

జవాబు (సర్వీసు కేసుల లాయరు):
లేదు. 125(2)లోని ఆ రక్షణ న్యాయమూర్తులకే. సిబ్బందికి ఉన్నవి 146(2) కింద చేసిన రూల్సే. అందుకే వాళ్ల కేసు వాదించేటప్పుడు 125ను పట్టుకోకండి, సుప్రీంకోర్టు ఉద్యోగుల 1961 సర్వీసు రూల్స్‌తో మొదలుపెట్టండి.