పీపా ఏల్‌లో చేప జిగురు లేదని శాకాహారులు ఎలా నిర్ధారించుకోవాలి?

పీపాలోనే రెండోసారి పులిసి, చేతిపంపుతో సుమారు 12 డిగ్రీల చల్లదనంలో గ్లాసులోకి వచ్చే రియల్ ఏల్ అనే సంప్రదాయ బీరు అంటే ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో ఉంటున్న నాకు ఎంతో ఇష్టం. వచ్చే నెల విజయవాడ నుంచి వస్తున్న మా బావగారికి దాని రుచి చూపాలని ఉంది. ఆయన ఉల్లిపాయ కూడా ముట్టని శాకాహారి, బీరుకు మాత్రం అభ్యంతరం లేదు. అయితే ఈస్టును అడుగుకు దింపి ఏల్‌ను తేటపరచడానికి చాలా పీపాలలో చేపల ఈతతిత్తి నుంచి తీసిన ఐసింగ్లాస్ అనే జిగురు కలుపుతారని ఈమధ్యే తెలిసింది. మసకగా ఉన్నదల్లా ఐసింగ్లాస్ లేనిదే అనుకోవడానికీ వీల్లేదు, ఎందుకంటే అడుగున పేరుకున్న ఈస్టు కదిలిన పీపా నుంచి వచ్చేదీ అలాగే కనిపిస్తుంది. పబ్బు రద్దీగా ఉన్న వేళ కౌంటరు దగ్గర ఏమని అడిగితే నమ్మదగిన జవాబు దొరుకుతుంది? ఐసింగ్లాస్ లేని పీపా ఏల్‌ను నిలకడగా అమ్మే పాతకాలపు పబ్బులు లీడ్స్, యార్క్ ప్రాంతాలలో ఎవరికైనా తెలిస్తే దయచేసి చెప్పగలరు.